మన సంఘ లాంఛనము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను ముప్పదినాలుగేండ్లు పాఠశాలలో పిల్లలకు శబ్దమంజరియు, పద్యపాఠములును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చిత్రకళ నెఱిగినవాడను గాను. ఐనను మీ చేతులయందున్న యీ సంచిక ముఖపత్రముపై ముద్రింపబడిన క్రొత్త లాంఛనమును గూర్చి నిన్నటినుండి పలువురు నన్ను ప్రశ్నించుచున్నారు. పాతచిహ్నమున కేమి లోపము కలిగినది? మార్కండేయ మహర్షి యెచటికి బోయెను? ఇది పద్మమా, మఱియొకటియా? ఇంత చిన్న బొమ్మకు ధన మిచ్చుట యేల? అని వారి ప్రశ్నలు. లాంఛన నిర్ణయమునకై సంఘము నియమించిన ముగ్గురు సభ్యుల ఉపసంఘమునకు నేను పెద్దను. కావున సమాధానము చెప్పుట నా విధి. మేము చేసిన పొరపాట్లను గూడ దాచక చెప్పెదను. ఇట్టి పనికి బూనుకొను ఇతర శాఖలవారికి అవి మా విజయముకంటె నెక్కువ యుపకరించును.

లాంఛనమనగా గుర్తు. నేటి యువకులు దీనినే లోగో యనుచున్నారు. ఆ మాటకు మూలము ‘పలుకు’ అను నర్థముగల గ్రీకుశబ్దము. పేరు క్రొత్తదైనను పని క్రొత్తది కాదు. తిక్కన సోమయాజి విరాటపర్వమున ఉత్తరగోగ్రహణ ఘట్టమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. బృహన్నలవేషమున నున్న యర్జునుడు ఉత్తరునకు కౌరవవీరులను దూరమునుండియే చూపుచు, ధ్వజములను బట్టి యెవ రెవరో యెఱుకపఱచును. ద్రోణునకు బంగారు వేదిక, అశ్వత్థామకు సింహపు తోక, కృపునకు వృషభము, కర్ణునకు శంఖము, దుర్యోధనునకు సర్పము, భీష్మునకు తాటిచెట్టు. ఈ పద్యమును నేనెన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. ఐనను అందలి మర్మము ఈ పనిలో దిగువఱకు నాకు తట్టలేదు. ఒక్కొక్క వీరునకు ఒక్కటే గుర్తు! భీష్ముని గూర్చి చెప్పవలసిన సంగతులు వేయి యున్నవి. జెండాపై నిలిచినది తాటిచెట్టొక్కటే. ఏలయన, ధూళి క్రమ్మిన రణరంగమున, కొంతసేపటి క్రిందటనే బెదరి పరుగెత్తిన బాలుడు, దూరమునుండి చూచి క్షణములో గుర్తింపవలసిన వస్తువది.

మన రాజులును ఈ మర్మమెఱిగినవారే. వేంగినేలిన తూర్పుచాళుక్యులు తామ్రశాసనములయందు తమ వంశప్రశస్తిని రేకులకొలది వ్రాయించిరి. ఆ రేకులను కూర్చిన ముద్రికపై మాత్రము వరాహమును నిలిపిరి. విజయనగర ప్రభువులకును వరాహమే లాంఛనము. వంశచరిత్ర చెప్పుటకు శాసనము, గుర్తుపట్టుటకు ముద్రిక. రెంటి పనియు వేఱు. ఈ భేదమును మఱచుటయే మన పాతచిహ్నమునకు కలిగిన లోపము.

ఆ పాతచిహ్నము పూర్వమెప్పుడో ఆహ్వానపత్రికకై యొక ముద్రణాలయమున తొందరగా కూర్పబడినది. పద్మము, దాని నడుమ మార్కండేయ మహర్షి, ఒకవైపున మగ్గము, ఒకవైపున రాట్నము, పైని ఉదయభాస్కరుడు, క్రింద కలిసిన రెండు చేతులు, చుట్టును తెలుగున ఒకమాఱు ఇంగ్లీషున ఒకమాఱు సంఘము పేరు, అన్నిటి యడుగున నేను రచించిన సంస్కృత వాక్యము. లెక్కింపగా తొమ్మిది వస్తువులు. వేదిక వెనుక పెద్దతెరపై చూచుటకు ముచ్చటగానే యుండెడిది. కాని రసీదు పుస్తకముపై మహర్షి ముఖము సిరామరక యయ్యెను. రబ్బరుస్టాంపునందు మగ్గము మంచమువలె కనబడెను. సెల్‌ఫోనులలో అది గోరంత గుండ్రని మచ్చ. మన గ్రామమునుండి చదువునకై వెళ్లిన యొక బాలిక, విద్యార్థివేతనముకొఱకు మన సంఘము ముద్రవేసి యిచ్చిన పత్రమును ఒక కార్యాలయమున సమర్పింపగా, ‘ఇది యే దేవాలయపు ముద్ర? సంఘపు పత్రము తెమ్ము’ అని త్రిప్పి పంపిరి. ఆ పిల్ల రెండుమాఱులు బస్సెక్కి వచ్చి పోవలసి వచ్చెను. అప్పుడు మాకు తెలివి కలిగినది.

మన నేతకుటుంబమున పుట్టి, చిత్రకళాశాలలో చదివి, హైదరాబాదున రూపకల్పనయే వృత్తిగా జీవించుచున్న యువతి యొకతెను పిలిచితిమి. ఉపసంఘమున నేనుగాక ఒక వ్యాపారియు, నలువదేండ్లకు పైగా మగ్గముపై కూర్చుండిన యొక వృద్ధుడును సభ్యులు. మేము చిహ్నమున నుండదగిన వస్తువుల పట్టిక నొకటి సిద్ధపఱచి ఆమె చేతికిచ్చితిమి. పాతవి తొమ్మిది చాలక మఱి రెండు చేర్చి పదునొకండు చేసితిమి. ఆమె నెమ్మదిగా చదివి, “మాస్టారూ! ఇవి యన్నియు నిజమే. కాని చూచినవారు కన్నులు మూసికొన్న తరువాత వీనిలో ఏ యొక్కటి నిలిచియుండవలెను?” అని యడిగెను. నా శిష్యురాండ్ర యీడుపిల్ల నన్ను పరీక్షించుచున్నదని మనసులో కొంచెము నొచ్చుకొంటినని యొప్పుకొనుచున్నాను. వారము దినములు గడువిచ్చి, ‘మన సంఘమేమి’ అను ప్రశ్నకు ముగ్గురమును వేర్వేఱుగ ఒక్క వాక్యములో జవాబు వ్రాసి తెండని ఆమె కోరెను.

వారము తరువాత నేను ‘విద్య’ అని వ్రాసికొనిపోతిని. వ్యాపారిగారు ‘ఐకమత్యము’ అని వ్రాసిరి. ఆమె చూచి, “ఈ మాటలు ఏ సంఘమునకైనను చెల్లును. మనకే చెల్లునది యేది?” అనెను. వృద్ధుడు కాగితము తేలేదు. “మనము నూలును గుడ్డ చేసెడివారమమ్మా!” అని మాత్రమనెను. ఆ మాటయే మన లాంఛనమునకు బీజమయ్యెను. ఇన్ని కావ్యములు చదివిన నాకు తోచనిది మగ్గపుగుంటలో కాళ్లుంచిన వానికి తోచినది.

ఒక్క భావమును పట్టుకొనుటవలన ఏమి సాధ్యమో మన దేశమునందే నిదర్శనములు కలవు. 1950 జనవరి 26న భారతదేశము స్వీకరించిన రాజ్యచిహ్నమునకు సారనాథమునందలి అశోకుని సింహశీర్షము మూలము. సింహములు నాలుగైనను చిత్రమున కనబడునవి మూడే. నాలుగవది వెనుక నున్నదని మనమే యూహింతుము. రూపాయికి 2010లో గుర్తు నిర్ణయించునపుడు దేవనాగరి రకారమును, రోమను లిపియందలి ‘ఆర్’ అక్షరమును ఒక్క రూపమున కలిపి, పైని రెండు గీతలుంచిరి. నేడు కూరగాయలమ్ము వాడును దానిని సుద్దముక్కతో పలకపై వ్రాయుచున్నాడు. చేతితో వ్రాయగల గుర్తే ప్రజలదగును. 2006లో కేంద్రప్రభుత్వము చేనేతవస్త్రములకు ఏర్పఱచిన ముద్రకును పడుగుపేకల యల్లికయే యాధారము. ఈ యుదాహరణములను ఆమె మాకు చూపి, తన పనికి ఉపక్రమించెను.

కొన్ని దినములకు మూడు చిత్రములు వచ్చినవి. వానిలో మూడవదే నేడు మీరు చూచుచున్నది. దూరమునుండి చూచిన అది విచ్చుకొనుచున్న పద్మము. దగ్గఱ చూచిన మూడు నాడెలు. నడుమ నాడె నిలువుగ నున్నది, ఇరుప్రక్కలవి వాలియున్నవి, మూడింటి మొదళ్లు ఒక్కచోట కూడినవి. నాడెలో కండె యుండు చోటు తెల్లగ విడువబడినది. నడిమి నాడెనుండి యొక నూలుపోగు క్రిందికి దిగి తామరతూడై నిలిచినది. భావనఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని కదా మన పెద్దలు చెప్పు కథ! ఆ కథయంతయు ఒక్క గీతలో నిమిడినది. మహర్షి యెచటికి బోయెనని యడిగినవారికి నా ప్రత్యుత్తరమిదియే: ఆయన యెచటికిని పోలేదు, ఆయన వంశమునకు దక్కిన పనియందే యున్నాడు.

ఇక వివాదములు. పద్మము ఒక రాజకీయపక్షమునకు ఎన్నికలగుర్తు. మన సంఘమున అన్ని పక్షములవారును కలరు. రేపు ఒకరు దానిని చూపి మనలను తమవారందురు, ఇంకొకరు దూరమగుదురు అని కొందఱనిరి. ఆ శంక యుక్తమైనదే. ఎన్నికలు పుట్టకమునుపే మన కులనామమునందు పద్మమున్నది. దానిని విడుచుట కష్టము. కాని రేకులకు బదులు నాడెలను నిలుపుటచే ఈ పద్మము మగ్గముపై పుట్టిన పద్మమైనది. మఱియొక దానితో పొరబడుటకు వీలులేదు.

మగ్గము విడిచి వైద్యులును, ఇంజనీర్లును, సాఫ్టువేరు ఉద్యోగులును ఐనవారు, “మాకు నాడెతో నేమి పని? వెనుకటి పేదఱికమును నెత్తిన మోయవలెనా?” అని యడిగిరి. వారికి నే నొకటి మనవి చేసితిని. మీ చదువునకు కట్టిన రుసుము ఏ నాడె నడచుటవలన వచ్చినదో మీ యింట నడుగుడు. పేదఱికము నాడెవలన రాలేదు. నాడె నడిపినవానికి తగిన కూలి యీయకపోవుటవలన వచ్చినది. సిగ్గుపడవలసినది ఆ కూలి తగ్గించినవారు.

పోషకులలో నొకరు తమ తండ్రిగారి ముఖచిత్రము చిహ్నము నడుమ నుండవలయునని కోరిరి. ఆయన ఈ సభయందే యున్నారు; చెప్పుటకు వారి యనుమతి గొంటిని. చిత్రకర్త్రి వారి కోరిక ప్రకారమే యొక ప్రతి గీసి, రూపాయి బిళ్లంత పరిమాణమున ముద్రించి వారి చేతిలో పెట్టెను. ఆయన కన్నద్దములు సవరించుకొని చూచి, “ఇందులో మా నాయన ఎవరమ్మా?” అని నవ్విరి. పిమ్మట, “ఆయన పేరు వసతిగృహపు గోడమీద నున్నది, అది చాలును” అనిరి. వారి యౌదార్యమునకు సంఘము ఋణపడియున్నది.

అందఱి కోరికలను కాదన్న తరువాత నా సంస్కృత వాక్యము మిగిలినది. దానిపై నాకు పుత్రప్రేమ యుండెను. అది యడుగున చిన్న యక్షరములతో నుండిన నెవరికి బాధ యని వాదించితిని. ఆమె వాదింపలేదు. “మాస్టారూ! సోలాపురములోను, భీవండిలోను, సూరతులోను స్థిరపడిన మనవారి పిల్లలలో తెలుగు చదువగలవారెందఱు? సంస్కృతము తెలిసినవారెందఱు?” అని మాత్రమడిగెను. తరతరముల క్రిందట కూలికై పోయిన మనవారి మనుమలు నేడచట మరాఠీ, గుజరాతీ లిపులలో చదువుచున్నారు. వారును చూచి తమదనుకొనవలసిన గుర్తులో వారికి రాని యక్షరములుండిన అది తలుపు మూసినట్లే. నా వాక్యమును నేనే కొట్టివేసితిని. లాంఛనమున ఇప్పుడు ఏ యక్షరమును లేదు. సంఘము పేరు అవసరమైనచోట, అవసరమైన లిపిలో, ప్రక్కను వ్రాయబడును.

ఇక నా యపరాధమును చెప్పవలసియున్నది. మొదటి చిత్రములతోపాటు ఆమె తన ప్రతిఫలమును గూర్చి వినయముగ నొక లేఖ పంపెను. దానికి జవాబుగ నేను, “మన పిల్లవు కదా అమ్మా! కులసేవ యనుకొనుము, సంచికలో నీ పేరు వేయింతుము” అని చెప్పితిని. ఆమె మాఱు పలుకలేదు. ఆ మీదట మేము మార్పులమీద మార్పులు కోరితిమి. ఒకనాడు ఎఱుపు, ఒకనాడు పసుపుపచ్చ. ఒకరు పెద్దది చేయుమని, ఇంకొకరు చిన్నది చేయుమని. ఏడుమాఱులు ఆమె మార్చి పంపెను. ఎనిమిదవ మాఱు నేను ఫోను చేయుచుండగా మా వృద్ధసభ్యుడు ప్రక్కనుండి వినెను. ఫోను పెట్టిన పిమ్మట ఆయన యిట్లనెను: “మాస్టారూ! నా చిన్ననాడు పదునొకండు దినములు నేసిన చీరను షావుకారి యొద్దకు గొనిపోతిని. ఆయన చూచి, అంచురంగు నచ్చలేదు పొమ్మని సగము కూలి కోసెను. ఆ రంగునూలు ఇచ్చినది ఆయనయే. మా యమ్మ ఆ రాత్రి పొయ్యి వెలిగింపలేదు. ఇప్పుడు మనము ఈ పిల్లకు చేయుచున్నదేమి?”

సభాసదులారా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేతగాని కూలికై తీర్మానములు చేయు సంఘము, తన పని చేసిన చిత్రకర్త్రికి కూలి యెగవేయజూచినది! ఆమెయు నేతగత్తెయే. ఆమె పడుగు తెల్లకాగితము, ఆమె పేక గీత. నేసినదానిని విప్పి మరల నేయుమనుట ఎంత శ్రమయో మనకుగాక యెవరికి తెలియును? మఱునాడు ఉపసంఘము కూడి తీర్మానించినది. ఆమె కోరిన ప్రతిఫలము తగ్గింపక యీయవలెను. సగము ముందుగను, సగము పని ముగియగనే చెల్లింపవలెను. మార్పులు రెండు విడతలకు మించి కోరరాదు. ముగ్గురి మాటలను కూడగట్టి ఒక్కరే వ్రాతమూలమున తెలుపవలెను. జరిగిన దానికి ఆమెను క్షమాపణ వేడితిని. ఆమె, “పని చెడిపోకముందే చెప్పితిరి; అంతకంటె నేమి కావలెను?” అనెను. ఇంత చిన్న బొమ్మకు ధనమేల యని యడిగినవారు దయచేసి యిది వినుడు. చీర వెల పొడవును బట్టి మాత్రమే కాదుగదా. దానిలో దాగిన పనిని బట్టియుగదా!

చివరి పరీక్షను మా వృద్ధుడే పెట్టెను. మన గుర్తు మన మగ్గముపై నేయుటకు రాకున్న అది మనదెట్లగును? అని ఆయన ప్రశ్న. జకార్డు పనిలో బొమ్మను ముందు గళ్లకాగితముపై వేసి, గడి గడికి ఏ పోగు లేవవలెనో నిర్ణయించి, దానిని బట్టి అట్టలకు రంధ్రములు వేయుదురని మీకు తెలిసినదే. కాగితముపై నునుపుగ నున్న వంపు గళ్లలోనికి వచ్చునప్పటికి మెట్లు మెట్లయ్యెను. సన్నని తామరతూడు నేతలో మాయమయ్యెను. ఆయన గళ్లను వ్రేలితో చూపుచు లోపములు చెప్పుచుండ, ఆమె ప్రక్కను కూర్చుండి దిద్దుకొనెను. నాడెల వాలు మెట్లు సమముగ పడునట్లు మార్చెను. తూడును లావు చేసెను. ఆ మార్పువలన కాగితముపై గూడ చిహ్నము మునుపటికంటె దృఢమయ్యెను. చదువుకొన్న చేయియు, నేసిన చేయియు కలిసినప్పుడు పని యెట్లుండునో ఆనాడు కన్నులార చూచితిని. నేడు అతిథులకు కప్పిన కండువాల యంచున నున్నది ఆ నేతయే. రంగు నీలి యొక్కటే. ఏలయన ఒక్క రంగున నిలిచిన గుర్తు రసీదుపైనను, స్టాంపునందును, గోడమీదను చెడదు.

శాఖలవారికి ఆచరణకై రెండు సంగతులు. మొదటిది హక్కు. 1957నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కు బదలాయింపు సంతకముతో కూడిన వ్రాతమూలమున జరుగవలెను. పత్రమున కాలము చెప్పనిచో ఐదేండ్లకే యనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకే యనియు చట్టము భావించును. కావున చిత్రకర్త్రితో చేసికొన్న పత్రమున రెంటిని స్పష్టముగ వ్రాసికొంటిమి. విదేశములందలి మన సోదరులును దీనిని నిరాటంకముగ వాడుకొనవచ్చును. రెండవది వాడుక. లాంఛనమున ఏ మార్పును చేయరాదు, రంగులు కలుపరాదు, దాని ప్రక్కను ఏ పక్షపు జెండాయు నుంచరాదు, ఎవరి సొంత వ్యాపార ప్రకటనయందును ముద్రింపరాదు. సంఘము సాయము చేసిన చోటనే సంఘపు గుర్తు కనబడవలెను.

తుదకొక్క మాట. తాటిచెట్టు గుర్తువలన భీష్మునకు గౌరవము రాలేదు. భీష్మునివలన తాటిచెట్టునకు వచ్చినది. ఈ మూడు నాడెలకును అంతే. వీనిని చూచిన విద్యార్థి ‘ఇది నాకు రుసుము కట్టిన సంఘము’ అనుకొనవలెను. వితంతువైన నేతగత్తె ‘ఇది నా మగ్గమును నిలిపిన సంఘము’ అనుకొనవలెను. అది మీ చేతులలోని పని. ఏ చిత్రకర్త్రియు గీసి యీయలేనిది. మొన్న ఆ విద్యార్థివేతనపు బాలికకు క్రొత్త ముద్రతో మఱియొక పత్రము నిచ్చితిమి. ఈమాఱు ఆమె రెండవమాఱు బస్సెక్కవలసిన యవసరము కలుగలేదు.